పాల కేంద్రం ఖాతా ప్రోగ్రాం: ఫైల్లో వరుస రాయించడానికి పట్టిన రెండు వారాలు

జూన్ 2

మా బాబాయి ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట, సుమారు నలభై మంది రైతులు పాలు పోస్తారు. ఒక్కొక్కరి పాలు కొలిచి, నమూనా తీసి, మిషన్‌లో ఫ్యాట్ చూసి, ఆ అంకెలను చీటీ మీద ఒకసారి, పెద్ద పుస్తకంలో ఒకసారి రాస్తాడు. పదిహేను రోజులకొకసారి ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకొని బాబాయి, పిన్ని రెండు రాత్రులు కూర్చుంటేగాని బిల్లులు తేలవు. సెలవులకు వచ్చిన నేను ఈ పని కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్‌తో చేయించవచ్చని మాట ఇచ్చాను. డేటాబేస్ జోలికి పోకుండా మామూలు టెక్స్ట్ ఫైలే చాలని ముందే నిశ్చయించుకున్నాను. ఎందుకంటే నేను తిరిగి వెళ్లిపోయాక కూడా బాబాయి నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి, తన కళ్లతో తాను సరిచూసుకోగలగాలి.

ధర కట్టే పద్ధతి సులువైనదే. మా కేంద్రంలో గేదె పాలకు ఫ్యాట్ ఒక్కటే చూస్తారు. లీటర్లను 1.03తో గుణిస్తే కిలోలు వస్తాయి, ఆ కిలోలలో ఫ్యాట్ శాతం మేరకు ఎన్ని కిలోల ఫ్యాట్ ఉందో చూసి, కిలో ఫ్యాట్ ధరతో గుణిస్తే సొమ్ము వస్తుంది. కిలో ఫ్యాట్ 800 రూపాయలు అనుకుంటే, 4.5 లీటర్ల పాలు 6.5 ఫ్యాట్‌తో పోసిన రైతుకు 241 రూపాయల 2 పైసలు రావాలి. ఈ అంకెలనే పరీక్ష కోసం పెట్టుకున్నాను. పైథాన్ 3లో చరరాశులకు, అంటే విలువలను దాచుకునే చోట్లకు, పేర్లు తెలుగులో పెట్టుకునే వీలుంది కనుక పేరు, లీటర్లు, ఫ్యాట్, సొమ్ము అనే పేర్లే వాడాను. ఈ డైరీలో కోడ్ మొత్తాన్ని పలికినట్టుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను గాని, కంప్యూటర్‌లో ఓపెన్ (తెరువు), రైట్ (రాయి) వంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

లెక్క పావుగంటలో సరిగ్గా వచ్చింది. తెర మీద ప్రింట్ చేసి చూసుకున్నాను, అంతా బాగుంది. ఇక మిగిలింది ఫైల్లో రాయడమే కదా అని, ప్రింట్ ఉన్నచోట రైట్ పెట్టాను (ఎఫ్ అంటే తెరిచిన ఫైలు):

ఎఫ్.రైట్(నంబరు, పేరు, లీటర్లు, ఫ్యాట్, సొమ్ము)

వెంటనే టైప్‌ఎర్రర్ వచ్చింది. రైట్ సరిగ్గా ఒక్క ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్లలో ఇచ్చే విలువ) మాత్రమే తీసుకుంటుందని, నేను 5 ఇచ్చానని దాని సారాంశం. ప్రింట్‌కు ఎన్ని ఇచ్చినా కాదనదు. ఇచ్చిన ప్రతిదాన్నీ తానే అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గా మార్చుకొని, మధ్యలో ఖాళీ పెట్టి, చివర కొత్త గీత (తర్వాతి పంక్తికి దించే గుర్తు) కూడా తానే వేస్తుంది. ఇన్ని ఉపచారాలకు అలవాటుపడిన నేను రైట్ నుంచి కూడా అదే ఆశించాను. రైట్‌కు మాత్రం గడులు, వరుసలు, రూపాయలు ఏమీ తెలియవు. ఫైలంటే దాని దృష్టిలో ఒకదాని వెంట ఒకటి వచ్చే అక్షరాల ధార మాత్రమే. ఏ అక్షరాలు, ఏ క్రమంలో, మధ్యలో ఏ గుర్తుతో రాయాలో ముందే తేల్చుకొని ఒక్క స్ట్రింగ్‌గా చేతికిస్తేనే అది రాస్తుంది.

ఒకటే కావాలంటున్నది కదా అని, ఆ ఐదింటి చుట్టూ ఇంకో జత బ్రాకెట్లు పెట్టి ఇచ్చాను. మళ్లీ టైప్‌ఎర్రరే వచ్చింది, కానీ మాట మారింది: ఆర్గ్యుమెంట్ స్ట్రింగ్ కావాలి, టపుల్ (విలువల గుంపు) కాదు. మొదటి ఎర్రర్ లెక్క గురించిన ఫిర్యాదు, రెండోది రకం గురించిన ఫిర్యాదు. అంటే లెక్క ఒప్పింది, రకం ఒప్పలేదు. ఎర్రర్ పోలేదన్న విసుగులో ఈ తేడాను చాలాసేపు గమనించలేదు. రెండింటికీ పేరు ఒకటే కావడం వల్ల "మళ్లీ అదే వచ్చింది" అనుకొని, రెండో ఎర్రర్ పూర్తి వాక్యాన్ని చదవకుండానే మొదటి మార్పును వెనక్కి తీసేసి, మొదటికొచ్చాను.

టపుల్ వదిలేసి ప్లస్ గుర్తుతో అతికించబోతే, స్ట్రింగ్‌కు స్ట్రింగ్‌నే కలపగలను గాని ఇంట్‌ను (పూర్ణాంకాన్ని) కలపలేనని ఇంకొక టైప్‌ఎర్రర్ వచ్చింది. ఈసారి తప్పు రైట్ దాకా వెళ్లనే లేదు, కూడికలోనే ఆగింది. చివరకు ఎఫ్-స్ట్రింగ్ రాశాను. పైథాన్ 3.6 నుంచి ఉన్న ఈ సౌకర్యంలో, కొటేషన్‌కు ముందు ఒక అక్షరం పెట్టి, లోపల మీసాల బ్రాకెట్లలో చరరాశుల పేర్లు రాస్తే, వాటి విలువలు స్ట్రింగ్‌లో కూర్చుంటాయి. మొత్తం ఒక్క స్ట్రింగ్, ఒక్క ఆర్గ్యుమెంట్. ఫైల్లో మొదటి వరుస పడేసరికి రాత్రి పదకొండయింది.

జూన్ 3

ఉదయం నలుగురు రైతుల వివరాలు పెట్టి చూస్తే, నలుగురూ ఒకే గీతలో ఒకరినొకరు తోసుకుంటూ కనిపించారు. రైట్ కొత్త గీత తానుగా వేయదు. ప్రతి స్ట్రింగ్ చివర ఆ గుర్తు మనమే పెట్టాలి. సొమ్ముకు దశాంశం తర్వాత రెండంకెలే ఉండేలా ఎఫ్-స్ట్రింగ్‌లోనే సూచన ఇచ్చాను. అది లేకపోతే 0.1కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 చూపించే ఆ పాత ముచ్చట పైసల దగ్గర బయటపడుతుంది, బాబాయికి దాన్ని వివరించి చెప్పడం నా వల్ల కాదు.

ఈ రోజు పోయిన మరో అరగంట పూర్తిగా తెలుగుదే. ఫ్యాట్‌శాతం అని ఒక చరరాశికి పేరు పెడితే, కనిపించని అక్షరం ఉన్నదని సింటాక్స్‌ఎర్రర్ వచ్చింది. ట్ తర్వాత శ దానికి ఒత్తుగా అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తును పెడుతుంది. తెలుగు టైపు చేసే చాలామందిమి రోజూ తెలియకుండానే వాడే గుర్తు అది. చరరాశి పేరులో దాన్ని పైథాన్ ఒప్పుకోదు. కొటేషన్ల లోపల ఉన్న స్ట్రింగ్‌లో ఎన్ని ఉన్నా పేచీ పెట్టదు. ఫ్యాట్ అని పొట్టిగా పెట్టుకొని బయటపడ్డాను.

జూన్ 5

ఈ రోజు జరిగింది కొంచెం వివరంగా రాసి పెట్టుకోవాలి.

ఉదయం పూట బాబాయి పక్కన కూర్చొని నిజంగా వచ్చిన 38 మంది వివరాలను నా లాప్‌టాప్‌లో ఎక్కించాను. ఫైలు పేరులో తేదీ పెట్టాను. అన్ని వరుసలూ చక్కగా పడ్డాయి, బాబాయి చూసి తృప్తిపడ్డాడు. సాయంత్రం పూట మొదలయ్యే ముందు, ఏ పూటో తెలియడానికి ముందుగా ఒక అంకె రాయిద్దామని ఒక వరుస చేర్చాను. పూట అనే చరరాశిలో ఉదయానికి 1, సాయంత్రానికి 2. ఫైలు తెరిచిన వెంటనే ఎఫ్.రైట్(పూట) అన్నాను. స్ట్రింగ్ కావాలి, ఇంట్ కాదు అని టైప్‌ఎర్రర్ వచ్చింది. ఈ ఎర్రర్‌తో అప్పటికి నాకు మంచి పరిచయం ఉంది కనుక నవ్వుకుంటూ దిద్దబోయి, ఎందుకో ఫైలు తెరిచి చూశాను. అందులో ఏమీ లేదు. ఉదయం ఎక్కించిన 38 వరుసల్లో ఒక్కటీ లేదు; ఫైలు పరిమాణం సున్నా బైట్లు.

తప్పు రైట్ ఆర్గ్యుమెంట్‌లో ఉన్నదని ఎర్రర్ చెప్పింది, అది నిజమే. కానీ నష్టం అంతకు ఒక గీత ముందే, ఓపెన్ దగ్గరే జరిగిపోయింది. పరీక్షలు చేస్తున్న రోజుల్లో ప్రతిసారీ కొత్త ఫైలు కావాలని డబ్ల్యూ మోడ్‌లో తెరుస్తూ వచ్చాను, దాన్ని అలాగే వదిలేశాను. డబ్ల్యూ మోడ్‌లో తెరవడమంటే, పాత ఫైలు ఉంటే దాన్ని ఆ క్షణమే ఖాళీ చేయడమని అర్థం. మనం ఏదైనా రాస్తామా లేదా అని అది ఎదురుచూడదు. నమ్మకం కుదరక విడిగా పరీక్షించాను. పది వరుసలున్న ఒక ఫైలును డబ్ల్యూ మోడ్‌లో తెరిచి, ఏమీ రాయకుండా ఆగి, ఇంకో కిటికీలో పరిమాణం చూశాను. అప్పటికే సున్నా.

బాబాయితో విషయం చెప్పక తప్పలేదు.

"తెరవగానే పాత రాతంతా చెరిగిపోయేదానికి ఖాతా పుస్తకమని పేరెందుకురా?" అన్నాడు. తన కాగితం పుస్తకం నా ముందుకు తోసి, "దీంట్లోంచి ఎక్కించుకో, కానీ పాలు పోసేవాళ్లు వస్తున్నారు, లాంతరు స్తంభంలా అడ్డం నిలబడకు" అన్నాడు.

కాగితం నుంచి 38 వరుసలనూ మళ్లీ ఎక్కిస్తూ ఉండగా ఇంకొక సంగతి తట్టింది. ఆ టైప్‌ఎర్రర్ రాకపోయి ఉంటే సంగతి ఇంతకంటే చెడ్డగా ఉండేది. సాయంత్రం వరుసలు ఏ అడ్డూ లేకుండా రాయబడేవి, ఫైలు నిండుగా కనిపించేది, ఉదయం పూట పోయిందని పదిహేనో రోజు బిల్లు దగ్గరగాని తెలిసేది కాదు. నన్ను ఆపిన ఎర్రర్‌ను తిట్టుకున్నాను గాని, నిజానికి నా దొంగను పట్టిచ్చింది అదే.

దిద్దుబాటు రెండు విధాలుగా చేశాను. మొదటిది, రోజువారీ ఖాతాను ఇంగ్లీషు అక్షరం "ఏ" మోడ్‌లో, అంటే ఉన్నదాని చివర చేర్చే పద్ధతిలో తెరవడం. రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది: రాయవలసిన స్ట్రింగ్‌ను పూర్తిగా తయారుచేసుకున్న తర్వాతే ఓపెన్ అనాలి. అప్పుడు కూడికలో గాని, ఫార్మాట్‌లో గాని ఏ పొరపాటున్నా ఫైలు ముట్టుకోకముందే బయటపడుతుంది. పైథాన్‌తోనే వచ్చే పాత్‌లిబ్‌లో ఉన్న రైట్_టెక్స్ట్ కూడా ఇదే క్రమం పాటిస్తుందని దాని సోర్స్ చదివితే తెలిసింది. ఇచ్చినది స్ట్రింగ్ అవునో కాదో ముందు చూసి, కాకపోతే అక్కడే టైప్‌ఎర్రర్ వేస్తుంది, ఆ తర్వాతే ఫైలు తెరుస్తుంది. దానికి పొరపాటున ఇంట్ ఇచ్చినా పాత ఫైలు పదిలంగా ఉంటుంది. సరైన స్ట్రింగ్ ఇస్తే మాత్రం అది కూడా పాతదాన్ని చెరిపే రాస్తుంది, కనుక ఖాతాకు పనికిరాదు.

జూన్ 6

ప్రోగ్రాంను బాబాయి ఇంట్లో ఉన్న విండోస్ కంప్యూటర్‌లోకి మార్చాను. నా లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు ఉంది. అక్కడ నాలుగు రోజులుగా తెలుగు పేర్లు ఏ ఇబ్బందీ లేకుండా పడుతున్నాయి. ఇక్కడ మొదటి పేరు దగ్గరే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వచ్చింది. రెండు కంప్యూటర్లలోనూ పైథాన్ 3.11 ఒక్కటే, కోడ్ ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, ఓపెన్‌కు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పట్టిక) చెప్పకపోతే అది ఆ కంప్యూటర్ అలవాటును అడిగి తెలుసుకుంటుంది. ఉబుంటు యూటీఎఫ్-8 అంటుంది, ఈ విండోస్ సీపీ 1252 అంది. పడమటి ఐరోపా భాషల కోసం చేసిన ఆ పట్టికలో తెలుగు అక్షరానికి చోటే లేదు. పైథాన్ 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే డిఫాల్టుగా తీసుకోవాలని పెప్ 686 అనే పైథాన్ ప్రతిపాదనలో నిర్ణయించారు గాని, ఈ ఇంట్లో ఉన్నది 3.11.

సరే, ఎన్‌కోడింగ్ చెబుదామని ఇలా రాశాను:

ఓపెన్(ఖాతా, "ఏ", "యూటీఎఫ్-8")

స్ట్రింగ్‌ను పూర్ణాంకంగా అర్థం చేసుకోలేనని టైప్‌ఎర్రర్ వచ్చింది. నేను పూర్ణాంకమే ఇవ్వలేదు, అడగనూ లేదు. ఫైలు పేరు తప్పేమోనని, మోడ్ తప్పేమోనని చూస్తూ కొంతసేపు తిరిగాను. చివరకు హెల్ప్ తెరిచి ఓపెన్ ఆర్గ్యుమెంట్ల వరుస చూశాను: మొదట ఫైలు, తర్వాత మోడ్, మూడోది బఫరింగ్, నాలుగోది ఎన్‌కోడింగ్. బఫరింగ్ అంటే ఎంత పోగైన తర్వాత డిస్క్‌కు పంపాలో చెప్పే అంకె. మూడో కుర్చీ దానిది. నేను యూటీఎఫ్-8ను తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను, అది అంకె కానందుకు పైథాన్ అభ్యంతరం చెప్పింది. ఎన్‌కోడింగ్ అని పేరు పెట్టి, సమాన గుర్తు తర్వాత విలువ రాస్తే, ఏ స్థానంలో ఉన్నా సరైన చోటికే వెళ్తుంది. ఓపెన్‌కు మొదటి రెండూ దాటిన తర్వాత ఏదిచ్చినా పేరుతోనే ఇవ్వాలని నియమం పెట్టుకున్నాను.

తెలుగు పడిన తర్వాత వరుసలు తిన్నగా రాలేదు. పేరుకు ఇరవై స్థానాలు కేటాయించి, మిగిలినవి ఖాళీలతో నింపమని ఎఫ్-స్ట్రింగ్‌కు చెప్పినా, నోట్‌ప్యాడ్‌లో లీటర్ల అంకెలు మెట్లుమెట్లుగా కనిపించాయి. రైట్ తిరిగి ఇచ్చే విలువను చూస్తే కారణం అర్థమైంది. ఎన్ని అక్షరాలు రాసిందో ఆ సంఖ్యను రైట్ వెనక్కి ఇస్తుంది. దాన్ని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. లక్ష్మి అనే పేరు, దాని చివర కొత్త గీత గుర్తు రాయిస్తే 8 అంది. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. పైథాన్ లెక్కలో అవి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. గీత గుర్తుతో ఎనిమిది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, విండోస్‌లో టెక్స్ట్ ఫైలు గీత గుర్తు రెండు బైట్లవుతుంది, కాబట్టి ఆ ఒక్క పేరున్న ఫైలు పరిమాణం 23 బైట్లు. ఇరవై స్థానాల లెక్క ఈ ఏడుతో జరుగుతుంది, కంటికి కనిపించే రెండుతో కాదు. ఖాళీలతో సర్దే ఆలోచన మానుకొని, గడుల మధ్య నిలువు గీత గుర్తు పెట్టాను. బాబాయికి అదే నచ్చింది, పుస్తకంలో గీతలు కొట్టినట్టుందన్నాడు.

జూన్ 8

చిన్న పొరపాటు, రాసి పెట్టుకోదగినది. నెలకొక ఫైలు పెడదామని, నా ఉబుంటులో, ఫైలు పేరు స్థానంలో పొరపాటున నెల అనే చరరాశిని నేరుగా ఇచ్చాను. అందులో 6 అనే ఇంట్ ఉంది. ఇక్కడ టైప్‌ఎర్రర్ వస్తుందనుకుంటే రాలేదు. ఫైల్ డిస్క్రిప్టర్ చెల్లదని ఓఎస్‌ఎర్రర్ వచ్చింది. ఓపెన్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇంట్‌ను కూడా ఒప్పుకుంటుంది, అప్పుడు దాన్ని పేరుగా కాక, అప్పటికే తెరిచి ఉన్న ఫైలు సంఖ్యగా తీసుకుంటుంది. జూన్ కాబట్టి ఆగింది. కుతూహలంకొద్దీ జనవరికి 1 ఇచ్చి చూశాను. 1 అంటే తెర. ఎర్రర్ ఏమీ లేకుండా ఖాతా వరుస తెర మీద కనిపించింది, ఫైలు మాత్రం పుట్టలేదు. విత్ బ్లాక్ (పని ముగిశాక ఫైలును తానే మూసే భాగం) ముగియగానే తెర మూతపడి, ఆ తర్వాత ప్రింట్ అన్నది పనిచేయలేదు. ఈ ప్రోగ్రాంను జనవరిలో మొదలుపెట్టి ఉంటే ఎన్ని గంటలు వెతికేవాడినో.

జూన్ 10

వరుస రాసే పనిని ఒక ఫంక్షన్‌గా విడదీశాను. వరుస_రాయి అని పేరు. ఫైలు, పేరు, లీటర్లు, ఫ్యాట్ దాని ఆర్గ్యుమెంట్లు. ఒకచోట ఫైలు ఇవ్వడం మరిచిపోతే, కావలసిన ఆర్గ్యుమెంట్ ఒకటి తక్కువైందని, దాని పేరుతో సహా, టైప్‌ఎర్రర్ చెప్పింది. ఇచ్చినవి వరుసగా మొదటి స్థానాల్లో సర్దుకున్నాయి కనుక అది లేదన్నది ఫైలును కాదు, చివరిదైన ఫ్యాట్‌ను. మనం మరిచిపోయినదీ, అది లేదంటున్నదీ ఒకటే కానవసరం లేదన్నమాట.

అసలు కథ సాయంత్రం జరిగింది. పూట ముగిశాక ఫైల్లోని లీటర్ల మొత్తానికీ, పెద్ద క్యాన్లలోకి పోసిన పాలకూ లెక్క కుదరలేదు. సొమ్ము మొత్తం మాత్రం బాబాయి కాగితం లెక్కతో పైసతో సహా సరిపోయింది. డబ్బు సరిపోయి పాలు సరిపోకపోవడం ఎలా సాధ్యమో ఇద్దరికీ అర్థం కాలేదు. ఫంక్షన్‌ను పిలిచే రెండు చోట్లలో ఒకచోట లీటర్లు, ఫ్యాట్ తారుమారు చేశానని గంట తర్వాత కనిపించింది. 4.5 లీటర్లు, 6.5 ఫ్యాట్ అనవలసినచోట 6.5 లీటర్లు, 4.5 ఫ్యాట్ అని పడింది. సొమ్ము లెక్కలో ఈ రెండింటినీ గుణిస్తాం. గుణకారంలో ఏది ముందైనా ఫలితం ఒకటే, కాబట్టి 241 రూపాయల 2 పైసలు అలాగే వచ్చింది. రెండూ దశాంశ సంఖ్యలే కనుక పైథాన్‌కు అనుమానించే ఆధారం కూడా లేదు. రైతు మాత్రం తాను పోయని రెండు లీటర్లకు యజమాని అయ్యాడు, అతని గేదె పాలు పలచబడినట్టు ఖాతాకెక్కింది. ఫ్యాట్ తగ్గిందని ఊళ్లో ఒక గేదెకు చెడ్డపేరు తేవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ నాకు కావలసింది ఎర్రర్ పోగొట్టడం కాదు, ఎర్రర్ తెప్పించడం. ఫంక్షన్ నిర్వచనంలో ఫైలు, పేరు తర్వాత ఒక నక్షత్రం గుర్తు పెట్టాను. దాని తర్వాత వచ్చే లీటర్లు, ఫ్యాట్‌లను ఇకపై పేరు చెప్పి మాత్రమే ఇవ్వాలి. పాత పద్ధతిలో ఊరికే నాలుగు ఇస్తే, ఈ ఫంక్షన్ స్థానం ప్రకారం రెండే తీసుకుంటుంది, నాలుగు ఇచ్చారని టైప్‌ఎర్రర్ వస్తుంది. నక్షత్రం పెట్టగానే పిలుస్తున్న రెండు చోట్లా ఆ ఎర్రర్ వచ్చింది, రెండింటినీ దిద్దాను. మొదటి రోజు నన్ను విసిగించిన ఎర్రరే ఇది, ఇప్పుడు కాపలాకు నేనే పిలిచి పెట్టుకున్నాను.

జూన్ 15

మొదటి పక్షం బిల్లు. అందరి మొత్తాలనూ ఒకే ఫైల్లో, ఒక్కొక్కరికి ఒక వరుసగా రాయాలి. పదహారు మంది వరకు రాసి, పదిహేడో రైతు దగ్గర ఆగింది: స్ట్రింగ్ కావాలి, నన్ (ఏమీ లేదనే విలువ) కాదు. బిల్లు వరుస తయారుచేసే ఫంక్షన్‌లో, లీటర్లు సున్నా కంటే ఎక్కువైతే స్ట్రింగ్ ఇవ్వమన్నాను, కాకపోతే ఏం చేయాలో చెప్పలేదు. ఏమీ తిరిగి ఇవ్వని ఫంక్షన్ నన్ ఇచ్చినట్టే లెక్క. ఆ రైతు గేదె వట్టిపోయి, ఈ పక్షమంతా ఆయన పాలు పోయలేదు. లీటర్లు సున్నా అయితే ఏం ఇవ్వాలో చెప్పే ఒక్క వాక్యం చేర్చడంతో తప్పు దిద్దుకున్నది.

నన్ను ఆలోచనలో పడేసింది మిగిలిపోయిన ఫైలు. విత్ బ్లాక్ మధ్యలో ఎర్రర్ వచ్చినా ఫైలును సక్రమంగా మూస్తుంది, అప్పటిదాకా పోగైనదాన్ని డిస్క్‌కు చేరుస్తుంది. ఆ మేరకు అది మంచిదే. అందువల్లనే పదహారు వరుసలతో, ఎక్కడా తెగినట్టు కనిపించని ఒక బిల్లు ఫైలు తయారైంది. ఎర్రర్ కనిపించిన తెరను ఎవరైనా మూసేసి ఉంటే, తర్వాత వచ్చినవారు దాన్నే అసలు బిల్లు అనుకునేవారు. కనుక వరుసలన్నిటినీ ముందు లిస్టులో పోగుచేసి, జాయిన్‌తో ఒక్క స్ట్రింగ్ చేసి, దాన్ని తాత్కాలిక పేరున్న ఫైల్లో ఒక్కసారిగా రాసి, అది పూర్తయిన తర్వాతే ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరుకు మార్చేలా చేశాను. జాయిన్ కూడా లిస్టులో ఒక్కటి స్ట్రింగ్ కాకపోయినా ఒప్పుకోదు, పైగా ఎన్నో అంశం తప్పో కూడా చెబుతుంది. ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక పదిహేడో రైతును 16 అంటుంది.

మధ్యలో రైట్‌లైన్స్ కూడా ప్రయత్నించాను. పేరులో లైన్స్ ఉన్నా అది గీత గుర్తులు వేయదు. పొరపాటున లిస్టు బదులు ఒకే స్ట్రింగ్ ఇస్తే ఎర్రర్ కూడా రాదు. స్ట్రింగ్‌లోని ఒక్కొక్క అక్షరాన్నే ఒక్కొక్క వరుస అనుకొని రాసేస్తుంది, చూడటానికి ఫలితం సరిగ్గానే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టాను.

జూన్ 16

డెయిరీ సూపర్‌వైజరు ఎక్సెల్‌లో తెరిచేలా కావాలన్నాడు. గడులను కామాలతో విడదీసి రాసే సీఎస్‌వీ మాడ్యూల్ తీసుకున్నాను. అందులో వరుస రాసే రైట్‌రోకు నంబరు, పేరు, సొమ్ము విడివిడిగా ఇస్తే, సరిగ్గా ఒక్క ఆర్గ్యుమెంటే, మూడు ఇచ్చారు అని వచ్చింది. జూన్ 2న చూసిన వాక్యమే, కానీ మందు వేరు. అప్పుడు స్ట్రింగ్‌గా కూర్చి ఇచ్చాను. ఇక్కడ అలా చేస్తే పనికిరాదు, లిస్టు చేసి ఇవ్వాలి. ఇక్కడ ఇంట్, దశాంశం, ఏదున్నా అదే మార్చుకుంటుంది. స్ట్రింగ్ ఇస్తే ఏమవుతుందో కూడా చూశాను: ఎర్రర్ లేదు, లక్ష్మి ఏడు గడుల్లో విడిపోయి, పొల్లులూ గుడీ వేటికవి ఒంటరిగా కూర్చున్నాయి. ఓపెన్‌కు న్యూలైన్ అనే ఆర్గ్యుమెంట్‌ను ఖాళీ స్ట్రింగ్‌గా ఇచ్చాను, లేకపోతే విండోస్‌లో ప్రతి వరుస మధ్యా ఒక ఖాళీ వరుస వస్తుంది. ఎక్సెల్ తెలుగును గుర్తుపట్టేందుకు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని మార్చాను.

రాత్రి తొమ్మిదింటికి బిల్లులు తేలాయి. పిన్ని కాగితం పుస్తకంలోంచి ఆరుగురివి ఎంచుకొని చేతి లెక్కతో సరిచూసింది, ఆరూ సరిపోయాయి. అయినా రేపు ఉదయం పూట కూడా పుస్తకంలో రాస్తానన్నాడు బాబాయి. నేను వద్దనలేదు. జూన్ 5 ఉదయానికి సంబంధించినంతవరకు అసలు ఖాతా ఇప్పటికీ ఆ పుస్తకంలోదే, నా ఫైల్లో ఉన్నది దానికి నకలు. చీటీ ప్రింటర్‌కు తెలుగు పంపడం ఇంకా మిగిలి ఉంది; అది డబ్ల్యూబీ మోడ్‌లో బైట్లు అడుగుతుంది, స్ట్రింగ్ ఇస్తే టైప్‌ఎర్రర్.